జీరో వేస్ట్ కటింగ్ నేర్పాలంటే కలీ కుర్తాతో మొదలెట్టండి

బట్ట వృథా కాకుండా కోయడమే జీరో వేస్ట్ కటింగ్. కలీ అంటే కుర్తా పక్కల్లో వేసే, పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్క. పిల్లలకు నేరుగా బట్ట ఇవ్వకండి. 11×22 అంగుళాల చార్ట్ పేపర్ చాలు, అది 44×88 బట్టకు సరిగ్గా నాలుగో వంతు కొలత.

అసలు బట్టలో పొడవునా 14 అంగుళాల పట్టీ తీస్తే ముందూ వెనకా ఒకటే ముక్క, భుజం కుట్టు ఉండదు. మిగిలిన 30 అంగుళాల వెడల్పులో 15×10 పొట్టి చేతులు రెండు, 15×37 ముక్కలు నాలుగు. చివరన 4 అంగుళాల పట్టీ మిగులుతుంది. దాన్నుంచి 4×4 చంక ముక్కలు రెండు, మిగతాది మెడ పట్టీకి. పారేసేది మెడ కోత ఒక్కటే.

15×37 ముక్కకు పైన ఎడమ మూల నుంచి 3, కింద కుడి మూల నుంచి 3 గుర్తుపెట్టి, ఏటవాలుగా కోస్తే రెండు కలీలు.

అందరూ తప్పేది ఇక్కడే. నాలుగు ముక్కల్నీ ఒకే వాలులో కోస్తే కలీలన్నిటికీ ఏటవాలు అంచు ఒకే పక్కకు వస్తుంది. ఉల్టా సుల్టా (లోపలి వైపు, బయటి వైపు తేడా) లేని సాదా చేనేతలో ఫర్వాలేదు, ప్రింట్ బట్టలో మాత్రం సగం కలీలకు లోపలి వైపు బయటికి వస్తుంది. అందుకే రెండు ఇటు, రెండు అటు కోయించండి. తల, తోక ఉన్న డిజైన్ అసలే వద్దు. సగం కలీల్లో నెమళ్లు తలకిందులవుతాయి.

కుట్టేటప్పుడు ఏటవాలు అంచును పక్క ముక్క నిలువు అంచుకే కలపాలి. రెండు ఏటవాలు అంచులు కలిస్తే సాగి వేలాడతాయి. కింది మడత వేసేముందు కుర్తాను ఒక రాత్రి హ్యాంగర్‌కు వదిలేసి, దిగిన చోట సమం చేయించండి.

చేనేత పన్నా (బట్ట వెడల్పు) ఒక్కో తానుకు ఒక్కోలా ఉంటుంది. తడిపి ఆరేశాకే కొలవండి. తేడా వస్తే కలీలో సర్దండి, 14 పట్టీని ముట్టుకోవద్దు.