సర్కారు బిల్లు 45 రోజులు దాటితే: సమాధాన్ దరఖాస్తు వేసే విధానం

ప్రభుత్వ శాఖకో, కరెంటు సంస్థకో, ఏదో ఒక కార్పొరేషన్‌కో సరుకు ఇచ్చిన చిన్న యూనిట్ యజమానిని 'బిల్లు ఏమైంది' అని అడగండి. 'ఫైలు అకౌంట్స్‌లో ఉందట', 'టోకెన్ పడింది, ఫండ్స్ రిలీజ్ కావాలట', 'సారు లీవులో ఉన్నారట'. అన్నీ 'ట'తోనే ముగుస్తాయి. ఆ సమాధానంతోనే ఏడాది గడిచిపోతుంది. ఈలోపు ఓవర్‌డ్రాఫ్ట్ మీద బ్యాంకు వడ్డీ మాత్రం నెలనెలా కచ్చితంగా కట్ అవుతుంది.

చట్టం మాత్రం ఇందులో 'ట'లకు చోటివ్వలేదు. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మైక్రో, స్మాల్ యూనిట్ల దగ్గర కొన్నవాళ్లు ఒప్పందంలో రాసుకున్న గడువులోపు డబ్బు కట్టాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. గడువు ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. టెండర్ షరతుల్లో '90 రోజుల్లో చెల్లింపు' అని ఉండి, మీరు సంతకం పెట్టినా, 45 దాటిన భాగం చెల్లదు. కొన్నది ప్రైవేటు కంపెనీ అయినా, కలెక్టరేట్ అయినా, కరెంటు పంపిణీ చేసే డిస్కమ్ అయినా చట్టం దృష్టిలో 'కొనుగోలుదారే'.

గడువు దాటితే ఫిర్యాదు చేసుకునే తలుపే సమాధాన్. 2017 అక్టోబర్ 30న కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ ఈ పోర్టల్ తెరిచింది. 2025 జూన్ 27న దీనికి తోడు ఓడీఆర్ అనే ఆన్‌లైన్ వివాద పరిష్కార పోర్టల్ కూడా వచ్చింది. కొత్త దరఖాస్తు ఎక్కడ వేయాలో ముందు ఆ రెండు సైట్లలోని ప్రకటనలు చదివి చూసుకోండి. ఎక్కడ వేసినా మీకు కావలసిన కాగితాలు, చెప్పాల్సిన లెక్క అవే.

ముందు మీకు అర్హత ఉందా

చిన్న యూనిట్‌గా కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ సైట్‌లో చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. మీడియం యూనిట్లకు ఈ వెసులుబాటు లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్లు దాటనివన్నీ స్మాల్ లోపలే ఉన్నాయి కాబట్టి మన ఆటోనగర్లు, చర్లపల్లి, జీడిమెట్ల యూనిట్లలో చాలావరకు ఇందులోకి వస్తాయి.

జనం తరచుగా దెబ్బతినేది రెండుచోట్ల. మొదటిది వ్యాపారులు. 2021 జులైలో హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చారు గానీ, అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. సరుకు కొని అమ్మే పని మాత్రమే చేసేవాళ్లకు ఆలస్యానికి వడ్డీ ఇప్పించే ఈ చట్టం రక్షణ రాదు. రెండోది ఆలస్యంగా చేసుకున్న రిజిస్ట్రేషన్. సరుకు ఇచ్చేసి, డబ్బు రాక, అప్పుడు ఎవరో చెబితే ఉద్యమ్ తీసుకుని కేసు వేస్తారు. వెనకటి తేదీకి ఆ హక్కు రాదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ - కేరళ ఆర్టీసీ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో బెంచ్ ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. కోర్టు ఏం తేల్చినా మీరు చేయాల్సింది ఒక్కటే: ఆర్డర్ చేతికి రాకముందే ఉద్యమ్ తీసుకోండి. దానికి ఫీజు లేదు, ఆధార్, పాన్ ఉంటే అయిపోతుంది.

సివిల్ వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తిస్తుందా అన్నదాని మీద హైకోర్టుల్లో భిన్నమైన తీర్పులున్నాయి. రోడ్డు, భవనం లాంటి పనులైతే దరఖాస్తు కంటే ముందు లాయర్‌ను కలవండి.

కేసు మొదలయ్యేది స్టోర్స్ గేటు దగ్గర

నేను ఇరవై ఏళ్లుగా చిన్న యూనిట్ల పద్దులు చూస్తున్నాను. ఓడిపోయిన కేసుల్లో, ఏళ్లకేళ్లు సాగిన కేసుల్లో ఎక్కువ వాటికి కారణం లాయర్ కాదు, ఈ ఫిర్యాదులు విచారించే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ కాదు. డెలివరీ చలాన్ మీద తేదీ లేకపోవడం.

గడువు లెక్క ఇన్‌వాయిస్ తేదీ నుంచి కాదు, 'స్వీకరించిన రోజు' నుంచి మొదలవుతుంది. సరుకు చేరిన రోజే స్వీకరించిన రోజు. సరుకు చేరిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరం మీరు తీర్చిన రోజు. ఫోన్‌లో 'రెండు పీసులు బాలేవండీ' అనడం అభ్యంతరం కాదు, కాగితమో మెయిలో ఉండాలి. 15 రోజుల్లో ఏదీ రాకపోతే ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మూడు నెలల తర్వాత రాసినా సరుకు చేరిన రోజే లెక్క.

మా యూనిట్ ఒకటి ఒక ప్రభుత్వ రంగ సంస్థకు స్తంభాల మీద బిగించే క్రాస్ ఆర్మ్‌లు పంపింది. స్టోర్స్‌లో గుండ్రటి సీలు వేశారు, లోపల పొట్టి సంతకం, తేదీ రాయాల్సిన చోట ఖాళీ. పదకొండు నెలల తర్వాత కౌన్సిల్ ముందు అవతలి వాళ్లు 'సరుకు మాకు ఇన్‌స్పెక్షన్ తర్వాతే అందినట్టు లెక్క' అన్నారు. మమ్మల్ని బయటపడేసింది లారీ డ్రైవర్ అట్ట ఫైల్లో మడిచిపెట్టిన కాటా చీటీ. ఆ సంస్థ ఆవరణలోని వేబ్రిడ్జిదే, దాని మీద తేదీ, టైము, బండి నంబరు అచ్చై ఉన్నాయి. డ్రైవర్ డీజిల్ లెక్క చూపించడానికి దాచుకున్నాడు గానీ మా కోసం కాదు.

అందుకే మా వాళ్లందరికీ ఇప్పుడు ఒకటే చెబుతాను. సీలు పక్కన తేదీ మీరే పెన్నుతో రాసి స్టోర్స్ ఆయనతో సంతకం పెట్టించుకోండి. గేటు ఎంట్రీ స్లిప్, కాటా చీటీ, ఈ-వే బిల్లు కలిపి అదే రోజు ఫోన్‌తో ఫొటో తీసి మెయిల్ చేసుకోండి. ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్ జెమ్ ద్వారా అమ్మితే సరుకు అందుకున్నట్టు అవతలి వాళ్లు ఇచ్చే సీఆర్‌ఏసీ సర్టిఫికెట్ పీడీఎఫ్ దించి దాచుకోండి.

వడ్డీ లెక్క

ఇదే చాలామందికి నమ్మబుద్ధి కాదు. గడువు దాటిన మర్నాటి నుంచి రిజర్వ్ బ్యాంక్ 'బ్యాంక్ రేటు'కు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలుస్తూ పోయే చక్రవడ్డీ. ఒప్పందంలో వడ్డీ మాట లేకపోయినా, 'ఆలస్యానికి వడ్డీ ఇవ్వబడదు' అని రాసి ఉన్నా ఇది వర్తిస్తుంది.

ఒక లెక్క వేద్దాం. 10 లక్షల సరుకు 2023 నవంబర్ 16న చేరింది, ఒప్పందంలో 45 రోజులు. డిసెంబర్ 31కి గడువు అయిపోయింది. 2024 అంతా బ్యాంక్ రేటు 6.75 శాతం, మూడు రెట్లు అంటే 20.25. నెలకు 1.6875 శాతం. జనవరి వడ్డీ 16,875 రూపాయలు. ఫిబ్రవరిలో అది అసలుకు కలిసి 17,160. ఇలా 2024 డిసెంబర్ ముగిసేసరికి వడ్డీయే సుమారు 2 లక్షల 22 వేలు. 2025లో బ్యాంక్ రేటు మెట్టుమెట్టుగా తగ్గి జూన్‌లో 5.75కి వచ్చింది కాబట్టి ఏ కాలానికి ఆ రేటు వేసి, ఎక్సెల్ షీట్‌లో నెలకో వరుస పెట్టి చూపించండి. గుండుగుత్తగా ఒక అంకె వేస్తే అవతలి వాళ్లకు అదే సాకు.

మధ్యలో కొంత డబ్బు వస్తే ఏ తేదీన ఎంత వచ్చిందో రాయండి. ఆలస్యానికి పెనాల్టీ అని, టీడీఎస్ అని, సెక్యూరిటీ అని కోసుకున్నవి విడివిడిగా చూపండి. పర్ఫార్మెన్స్ గ్యారంటీ కింద పట్టుకున్న 10 శాతాన్ని మామూలు బకాయితో కలిపేయొద్దు. ఒప్పందం ప్రకారం దాన్ని ఇంకా విడుదల చేయాల్సిన టైము రాకపోతే మీ మొత్తం లెక్క మీదే అనుమానం వస్తుంది.

దరఖాస్తు నింపడం

పోర్టల్‌లో ఉద్యమ్ నంబరు, దానికి జోడించిన మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. ఆ మొబైల్ ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన పాత అకౌంటెంట్‌దైతే అక్కడే ఆగిపోతారు. ముందే ఉద్యమ్ సైట్‌లో నంబరు మార్చుకోండి.

తర్వాత కొనుగోలుదారు వివరాలు. కేంద్ర శాఖా, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థా, రాష్ట్ర శాఖా, రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థా అనేది ఎంచుకోవాలి. ఇక్కడ పొరపాటు చేస్తే నోటీసు ఎక్కడికో పోతుంది. డిస్కమ్‌లు శాఖలు కావు, కంపెనీలు. చిరునామా కాలమ్‌లో సరుకు దించిన స్టోర్స్ అడ్రస్ కాదు, పర్చేజ్ ఆర్డర్ ఇచ్చిన అధికారి హోదా, ఆఫీసు చిరునామా, పనిచేసే ఈమెయిల్ రాయండి. అధికారి పేరు కంటే హోదా ముఖ్యం, బదిలీ అయినా హోదా అక్కడే ఉంటుంది.

ఆ తర్వాత పర్చేజ్ ఆర్డర్ నంబరు, తేదీ, ఇన్‌వాయిస్‌లు, రావాల్సిన మొత్తం. ఆర్డర్ కాపీ, ఇన్‌వాయిస్‌లు అప్‌లోడ్ చేయాలి. ఒక ఆర్డర్ కింది ఇన్‌వాయిస్‌లన్నీ ఒకే పీడీఎఫ్‌లో తేదీల వరసలో పెట్టండి. రెండు వేర్వేరు ఆర్డర్లను ఒకే దరఖాస్తులో కలిపితే ఒకదాని వివాదం రెండోదాన్ని కూడా ఆపుతుంది.

ఏ రాష్ట్రం కౌన్సిల్‌కు వెళ్తుందన్న టెన్షన్ అక్కర్లేదు. కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా, మీ యూనిట్ ఉన్న రాష్ట్రం కౌన్సిల్‌కే విచారించే అధికారం ఉంది. పుణె సంస్థ మీద నాచారం యూనిట్ తెలంగాణలోనే కేసు నడుపుకోవచ్చు. చిన్న యూనిట్‌కు ఇంతకంటే పెద్ద ఊరట ఈ చట్టంలో ఇంకొకటి లేదు.

వేశాక

పోర్టల్‌లో స్టేటస్ చూస్తుండండి. కౌన్సిల్ చూసిందా, తిరస్కరించిందా, కేసుగా మార్చిందా, ఇద్దరూ రాజీపడ్డారా అన్నది కనిపిస్తుంది. దరఖాస్తు వేసినంత మాత్రాన కేసు కాదు, కౌన్సిల్ పరిశీలించి కేసుగా తీసుకోవాలి. కాగితాల ఫైలు సెట్లుగా ఇమ్మన్నా, అఫిడవిట్ అడిగినా ఆలస్యం చేయొద్దు.

మొదట రాజీ ప్రయత్నం. దానికి వెళ్లేటప్పుడు యజమానే వెళ్లండి. వడ్డీలో ఎంత వదులుకోగలరో ముందే అనుకుని వెళ్లండి. అసలు మొత్తం, వడ్డీలో కొంత అంటే చాలా ప్రభుత్వ సంస్థలు ఒప్పుకుంటాయి, ఎందుకంటే రాజీ పత్రం ఫైల్లో ఉంటే అక్కడి అధికారికి రక్షణ. వడ్డీ కట్టమని సొంతంగా నోట్ రాయడానికి మాత్రం ఏ అధికారికీ ధైర్యం చాలదు. ఆడిట్‌లో ఆయనే ఇరుక్కుంటాడు.

రాజీ కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే ఇరువైపులా విని తీర్పు చెప్పే మధ్యవర్తిత్వం. 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది. నేను చూసినవాటిలో ఆ గడువులో తేలింది ఒక్కటీ లేదు. ఆర్బిట్రేషన్‌లో అవతలి వాళ్లు ఎదురు క్లెయిమ్ కూడా వేయొచ్చు. కాబట్టి సరుకు ఆలస్యమైన సందర్భాలుంటే మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. కాలపరిమితి కూడా ఇక్కడే కొడుతుంది. పాత బకాయిని రాజీ దశకు తీసుకెళ్లొచ్చు గానీ, మూడేళ్లు దాటినది ఆర్బిట్రేషన్‌లో నిలవదని 2025 జులైలో మహారాష్ట్ర విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 'పెద్ద సంస్థ కదా, ఎప్పటికైనా ఇస్తారులే' అని ఊరుకుంటే పోయేది ఇక్కడే.

అవార్డు, అంటే ఆర్బిట్రేషన్ తీర్పు, మీకు అనుకూలంగా వస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే అవతలి వాళ్లు ముందుగా 75 శాతం డిపాజిట్ చేయాలి. ప్రభుత్వ సంస్థలకు కూడా మినహాయింపు లేదు. ఆ డబ్బులో తగినంత మీకు ఇప్పించమని కోర్టును అడగొచ్చు.

కేసు దాకా వెళ్లకుండా

'కేసు వేస్తే మళ్లీ ఆర్డర్ ఇవ్వరండీ' అని భయపడేవాళ్లే ఎక్కువ, అది ఉత్తుత్తి భయం కూడా కాదు. వాళ్లకు నేను చెప్పేది, ముందు వడ్డీ లెక్క జతచేసి మర్యాదగా ఒక ఉత్తరం రాయమని. కొన్నది కంపెనీ చట్టం కింద నమోదైన సంస్థ అయితే అందులో ఇంకో వాక్యం చేర్చండి: 'మా బకాయిని మీరు ఆర్నెల్లకోసారి దాఖలు చేసే ఎంఎస్‌ఎంఈ-1 ఫారంలో చూపించారా?' 45 రోజులు దాటిన బకాయిలను సెప్టెంబర్‌తో ముగిసే ఆర్నెల్లకు అక్టోబర్ 31లోపు, మార్చితో ముగిసే ఆర్నెల్లకు ఏప్రిల్ 30లోపు చూపాలి. ఈ ప్రశ్న కంపెనీ సెక్రటరీ బల్ల మీదకు వెళ్తుంది, స్టోర్స్ ఫైలు కంటే అది త్వరగా కదులుతుంది.

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలైతే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లు డిస్కౌంట్ వేదికలో చేరడం తప్పనిసరి. మీ ఇన్‌వాయిస్‌ను వాళ్లు ఆ వేదిక మీద ఆమోదిస్తే బ్యాంకు కొంత డిస్కౌంట్ కోసుకుని డబ్బు మీకు వెంటనే ఇచ్చేస్తుంది, వసూలు బాధ దానిది. సమస్యల్లా అధికారి ఆమోదం నొక్కడమే. ఆర్డర్ తీసుకునే రోజే 'ఇన్‌వాయిస్‌లు ట్రెడ్స్‌లో ఆమోదిస్తారా' అని రాతలో అడిగి పెట్టుకోండి.