ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ ఆఫర్ ఎలా పెట్టాలి?

ఆర్డర్లు రావడం లేదన్న టెన్షన్‌లో చాలామంది మొదట చేసే పని ధర తగ్గించేయడం. నేనూ అదే చేశాను. చేత్తో కుట్టిన బ్యాగులు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో ఒక్కసారిగా 30 శాతం తగ్గించాను. ఆర్డర్లు బాగానే వచ్చాయి. పార్సిళ్లు కట్టి కట్టి చేతులు నొప్పెట్టాయి. నెలాఖరున లెక్క చూస్తే చేతిలో ఏమీ మిగల్లేదు. అందుకే ఆఫర్ పెట్టేముందు ఏం చూసుకోవాలో వరసగా చెబుతాను.

ముందు, ఈ ఆఫర్ ఎందుకో తేల్చుకోండి

మూలన పడి ఉన్న పాత స్టాక్ వదిలించుకోవాలా? మన పేరే తెలియని వాళ్లతో మొదటి ఆర్డర్ పెట్టించాలా? ఎలాగూ కొనేవాళ్లతో ఇంకో వస్తువు కొనిపించాలా? దేని ఆఫర్ దానికే. పాత స్టాక్ కోసమైతే ఆ వస్తువుల మీదే తగ్గించండి. కొత్తవాళ్ల కోసమైతే మొదటి ఆర్డర్‌కు మాత్రమే పనిచేసే కూపన్ ఇవ్వండి. షాపు మొత్తానికి ఒకే డిస్కౌంట్ పెడితే పూర్తి ధరకు కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు కూడా ఊరికే తగ్గించినట్టవుతుంది.

కాగితం మీద లెక్క వేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. ఒక వస్తువు ధర 1000 అనుకుందాం. సరుకు, ప్యాకింగ్, డెలివరీ, సైట్ కమిషన్, పేమెంట్ ఛార్జీలు, రిటర్న్‌ల వల్ల పోయేది, అన్నీ కలిపి ఖర్చు 700. మిగిలేది 300. దాని మీద 20 శాతం తగ్గిస్తే ధర 800 అవుతుంది, మిగిలేది 100. తగ్గించింది ఐదో వంతే, పోయింది మాత్రం లాభంలో మూడింట రెండు వంతులు. ఇంతకుముందు 10 అమ్మితే వచ్చిన లాభం ఇప్పుడు రావాలంటే 30 అమ్మాలి. అదే 10 శాతంతో సరిపెడితే 15 అమ్మితే చాలు. నేను పెట్టిన 30 శాతంతో ఎన్ని అమ్మినా మిగిలేది సున్నా.

ఇంకో చిక్కు, ఒక ఆఫర్ మీద ఇంకోటి పడటం. ఇప్పటికే 20 శాతం తగ్గించిన వస్తువుకు 10 శాతం కూపన్ కూడా పనిచేస్తే ధర 720కి దిగుతుంది. మిగిలేది 20. ఒక్క రిటర్న్ వస్తే అసలుకే ఎసరు. రెండు ఆఫర్లు కలిసి పనిచేయకుండా చేసే సెట్టింగ్ చాలా షాపింగ్ ప్లాట్‌ఫామ్‌లలో ఉంటుంది. ముందు ఆ సెట్టింగ్ ఆన్ చేయండి.

ఏ రూపంలో ఇవ్వాలి?

చవక వస్తువు మీద శాతంలో చెబితే పెద్దదిగా కనిపిస్తుంది. 50 ఉన్న వస్తువుకు ‘10 తగ్గింపు’ కంటే ‘20 శాతం తగ్గింపు’ అంటేనే కన్ను పడుతుంది. ఖరీదైన వస్తువుకు ఇది తిరగబడుతుంది. 5000 ఉన్నదానికి ‘10 శాతం’ కంటే ‘500 తగ్గింపు’ అన్న మాటకే బరువు ఎక్కువ.

నన్నడిగితే చాలా షాపులకు ధర తగ్గించడం కంటే ఉచిత డెలివరీ మేలు. ఆన్‌లైన్‌లో కార్ట్‌లో వేసినవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు కొనకుండానే వెళ్లిపోతారు. ఊరికే చూసిపోయేవాళ్లను పక్కనపెడితే, చివర్లో కలిసే డెలివరీ లాంటి అదనపు ఖర్చులే దానికి పెద్ద కారణమని సర్వేలు చెబుతున్నాయి. మీ చివరి 50 ఆర్డర్ల సగటు తీయండి. అది 800 అయితే, ‘1000 దాటితే డెలివరీ ఉచితం’ అనండి. ఇంకో చిన్న వస్తువు వేసుకుంటే చాలు కదా అని కొనేవాళ్లకే అనిపిస్తుంది.

పాత ధర నిజమైనదే రాయండి

800కి అమ్ముతున్న వస్తువుకు పక్కన 1600 అని రాసి కొట్టేసి, ‘సగం ధర’ అనడం మోసం. కొనేవాళ్లు స్క్రీన్‌షాట్లు పెట్టుకుంటారు, ధరలు పోల్చే సైట్లు పాత ధరలన్నీ చూపిస్తాయి. చట్టం కూడా ఊరుకోదు. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, తగ్గింపు ప్రకటిస్తే అంతకుముందు కనీసం 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరనే పాత ధరగా చూపించాలి. మీకు వర్తించినా వర్తించకపోయినా దాన్నే పాటించండి. ఒకసారి పోయిన నమ్మకాన్ని ఏ కూపనూ తిరిగి తేలేదు.

హద్దులు ముందే రాసుకోండి

1992లో బ్రిటన్‌లో హూవర్ సంస్థ 100 పౌండ్ల సరుకు కొంటే రెండు విమాన టికెట్లు ఉచితమంది. టికెట్ల కోసమే జనం ఎగబడి వాక్యూమ్ క్లీనర్లు కొన్నారు. సంస్థకు దాదాపు 5 కోట్ల పౌండ్ల ఖర్చు తగిలింది. ఎంతమంది వస్తారన్న అంచనా తప్పితే అంతే సంగతులు. ఆఫర్ ఎప్పుడు ముగుస్తుంది, మొత్తం ఎన్ని కూపన్లు, ఒక్కరికి ఎన్నిసార్లు, ఏ వస్తువులకు వర్తించదు, ఇవన్నీ ఆఫర్ పక్కనే కనిపించేలా రాయండి. ముగింపు తేదీ వచ్చాక ‘మీ కోరిక మేరకు పొడిగించాం’ అనకండి. రెండోసారి మీరు పెట్టే తేదీని ఎవరూ పట్టించుకోరు.

మీరే కొనేవారై చూడండి

ప్రకటించే ముందు మీ ఫోన్‌లోనే, లాగిన్ కాకుండా, ఒక వస్తువు కార్ట్‌లో వేసి కూపన్ కొట్టి చూడండి. నా కూపన్ ఒకదానిలో ఇంగ్లిష్ అక్షరం ‘ఓ’, అంకె సున్నా పక్కపక్కనే ఉండేవి. చిన్న స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపించాయి. రాత్రి పదకొండున్నరకు ఒకావిడ మెసేజ్ పెట్టారు, “మూడుసార్లు కొట్టానండీ, చెల్లదంటోంది” అని. ఆవిడ అడిగారు కాబట్టి తెలిసింది. అడగకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో! అప్పటి నుంచి కూపన్ కోడ్‌లో ఆ రెండూ వాడటం మానేశాను.

ఎన్నిసార్లు పెట్టాలి?

తరచూ పెట్టొద్దు. అమెరికాలో జేసీ పెన్నీ స్టోర్లు ఏళ్ల తరబడి కూపన్లు పంచి, 2012లో వాటిని ఆపేసి రోజూ ఒకే ధర అన్నాయి. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. తగ్గింపుకు అలవాటుపడినవాళ్లు పూర్తి ధరకు అంత తేలిగ్గా రారు. ప్రతి నెలా ఒకటో తేదీన ఆఫర్ ఉంటుందని తెలిస్తే ఇరవయ్యో తేదీ నుంచే కొనడం ఆపేస్తారు.

ఆఫర్ ముగిశాక ఆర్డర్ల సంఖ్య చూసి సంబరపడకుండా, ఖర్చులు పోను మిగిలిన మొత్తాన్ని మామూలు వారంతో పోల్చండి. రిటర్న్‌ల గడువు తీరేదాకా ఆ లెక్క పూర్తి కాదు. ఆఫర్‌లో మొదటిసారి కొన్నవాళ్ల జాబితా విడిగా పెట్టుకుని, రెండు మూడు నెలల తర్వాత వాళ్లలో ఎంతమంది పూర్తి ధరకు మళ్లీ కొన్నారో చూడండి. తర్వాతి ఆఫర్ ఎంత ఉండాలో, అసలు ఉండాలో వద్దో ఆ జాబితా చూసే నిర్ణయించుకోండి.