గడ్డం కింద వెంట్రుకలు, నాకు పనిచేసింది ఇదీ

24 ఏళ్లప్పుడు నాకు గడ్డం కింద నల్లగా, బిరుసుగా వెంట్రుకలు రావడం మొదలైంది, రోజూ ప్లక్కర్‌తో పీకేదాన్ని, పీకిన చోటల్లా ఎర్రటి పొక్కులు, తర్వాత మచ్చలు, రెండేళ్లు ఇదే పని. పీరియడ్స్ కూడా రెండు మూడు నెలలకోసారి వచ్చేవి కానీ ఈ రెండిటికీ సంబంధం ఉంటుందని అసలు తట్టలేదు.

చివరికి డాక్టర్‌కి చూపిస్తే టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ టెస్టులు, స్కానింగ్ చేయించి పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల పీరియడ్స్ తప్పడం, ఇలా వెంట్రుకలు రావడం జరిగే సమస్య) అన్నారు. మగ హార్మోన్లు ఆడవాళ్లందరిలోనూ కొద్దిగా ఉంటాయి, అవి ఎక్కువైతే నూగు కాస్తా ముదురు వెంట్రుక అయిపోతుంది. మనం ఏదో తప్పు చేస్తే వచ్చింది కాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

హార్మోన్ మాత్రలు ఇచ్చారు. మూడు నెలలైనా తేడా లేదని ఏడ్చేశాను, కానీ వెంట్రుక పెరిగే సైకిలే నెలల తరబడి ఉంటుంది కాబట్టి కనీసం 6 నెలలు ఓపిక పట్టాల్సిందే. తర్వాత మగ హార్మోన్ల పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ అనే మందు కలిపారు (ఇది వాడేటప్పుడు గర్భం రాకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినొచ్చు). ఆ తర్వాతే లేజర్. కుదురు లోపల ఉంటేనే లేజర్ పట్టేది, అందుకే పీకడం మానేసి షేవింగ్‌కి మారాను, షేవ్ చేస్తే మందంగా వస్తాయన్నది ఉత్త అపోహ. తెల్ల వెంట్రుకలకి లేజర్ పనిచేయదు, వాటికి ఎలక్ట్రాలసిస్ (సన్న సూదితో కరెంటు పంపి కుదురుని నాశనం చేయడం) చేయించుకోవాలి.

ఇప్పుడు ఎప్పుడైనా నాలుగైదు వస్తే తీసేస్తా, అంతే. ఉన్నట్టుండి వేగంగా పెరుగుతూ గొంతు కూడా మగగొంతులా మారుతుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.