బోరు మోటారు పని నేర్చుకుందాం – 5వ పాఠం: పాతది తీయడం, కొత్తది దించడం

పోయిన పాఠంలో బోరు లోతు, నీటిమట్టం కొలిచి, దానికి తగిన హెచ్‌పీ, స్టేజీలు (పంపులో నీటిని పైకి నెట్టే చక్రాల వరుసలు) లెక్కగట్టాం. ఈ పాఠం చాలావరకు చేతి పనే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఏ ఊళ్లోనైనా కనిపించే బోరునే ఉదాహరణగా తీసుకుందాం. ఆరున్నర అంగుళాల బోరు, 500 అడుగుల లోతు. మట్టి ఉన్నంత వరకు కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే పైపు), ఆ కింద అంతా రాయి. 420 అడుగుల దగ్గర 5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి నడిచే మోటారు), ఒకటిన్నర అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపుల మీద వేలాడుతోంది. నీళ్లు రావడం లేదు.

నీళ్లు రాలేదంటే మోటారు కాలిపోయిందనే చాలామంది అనుకుంటారు. బండిని పిలిపించి మొత్తం పైకి లాగాక, మోటారు బాగానే ఉందని తేలిన సందర్భాలు కోకొల్లలు. అందుకే ముందు స్టార్టర్ దగ్గర నిలబడండి. మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజులు ఉన్నాయా, కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పూర్తిగా అతుక్కుంటోందా చూడండి. మోటారు తిరుగుతోంది, ఆంప్స్ (మోటారు లాగే కరెంటు) మామూలు కంటే బాగా తక్కువ, నీళ్లు లేవు అంటే నీటిమట్టం పడిపోయి ఉండొచ్చు, లేదా మోటారును పంపుకు కలిపే కప్లింగ్ తెగి ఉండొచ్చు. ఆంప్స్ సరిగ్గానే ఉండి నీళ్లు తగ్గితే, మోటారు నడుస్తుండగా బోరు మూత దగ్గర చెవి పెట్టండి. లోపల నీళ్లు చిమ్ముతున్న చప్పుడు వినిపిస్తే పైపుకు చిల్లి పడిందన్నమాట.

ఫ్యూజులు కాలుతున్నా, రిలే (కరెంటు ఎక్కువ లాగితే మోటారును ఆపేది) పదేపదే పడిపోతున్నా మీటరు పని ఉంటుంది. కరెంటు ఆపి, మోటారు వైర్లు మూడింటినీ స్టార్టర్ నుంచి విప్పి, రెండేసి వైర్ల మధ్య ఓమ్స్ చూడండి. మూడు రీడింగులూ దాదాపు సమానంగా రావాలి. ఒకటి తేడాగా ఉంటే వైండింగ్‌లోనో కేబుల్ జాయింట్‌లోనో లోపం ఉంది. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) ఒక్కో వైరుకూ, బోరు పైపుకూ మధ్య చూడండి. 1 మెగోమ్‌కు తగ్గితే అనుమానించాలి. సున్నా దగ్గర ఉంటే ఇక తీయాల్సిందే.

తీయాలని నిర్ణయించుకున్నాక కూడా పైపు మీద చెయ్యి వేసే ముందు రెండు పనులున్నాయి. ఈ రెండూ మరిచిపోయేవాడు ఈ పనికి రాకపోవడమే మంచిది.

మొదటిది ఆటో స్టార్టర్, అంటే కరెంటు రాగానే మోటారును దానంతట అదే ఆన్ చేసేది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో రైతులు వీటిని పెట్టుకున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు వీటిని తీసేయమని ప్రచారం కూడా చేశారు. అయినా చాలా బోర్ల దగ్గర ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్లు వీటికి తోడయ్యాయి. మీరు వైరు పట్టుకుని ఉండగా రైతు కొడుకు ఊళ్లోంచి బటన్ నొక్కితే? అందుకే స్విచ్ ఆపితే చాలదు. ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి మీ జేబులో వేసుకోండి, పని అయ్యేదాకా ఎవరికీ ఇవ్వొద్దు.

రెండోది తలెత్తి చూడటం. ఒక్కో జీఐ పైపు 20 అడుగుల పొడవు ఉంటుంది. పైపు నిలువుగా పైకి వచ్చినప్పుడు దాని కొన 11 కేవీ లైనుకో, మోటారు కోసం లాగిన సర్వీసు వైరుకో తగిలితే పట్టుకున్నవాళ్లంతా పోతారు. బోరు మోటారు తీస్తూ కరెంటు తగిలి చనిపోయారన్న వార్తల్లో చాలావాటికి కారణం ఇదే. పైపు ఎటు వాలినా అందేంత దగ్గరలో లైను ఉంటే, కరెంటు ఆఫీసుకు చెప్పి లైను ఆపించాకే పని మొదలుపెట్టండి. ‘జాగ్రత్తగా తీద్దాంలే’ అన్న మాట ఒప్పుకోవద్దు.

ఇప్పుడు బరువు లెక్క చూద్దాం. 420 అడుగులంటే 21 పైపులు. ఒకటిన్నర అంగుళం మీడియం పైపు ఒక్కోటి దాదాపు 22 కిలోలు, అంటే 460 కిలోల పైమాటే. మోటారు పైన నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను వెనక్కి పోనివ్వనిది) బాగుంటే పైపుల నిండా నీళ్లుంటాయి, అవి మరో 175 కిలోలు. మోటారు, పంపు, కేబుల్ కలిపితే మొత్తం ఏడు క్వింటాళ్లు. బోరు గోడకు ఎక్కడైనా పట్టేస్తే లాగాల్సిన బలం ఇంకా పెరుగుతుంది. ఒక టన్ను చైన్ బ్లాక్‌తో (గొలుసు లాగి బరువెత్తే కప్పీ) సరిపెట్టేద్దామని చూడకుండా రెండు టన్నులది తెచ్చుకోండి. మూడు కాళ్ల స్టాండు కాళ్లు మెత్తటి మట్టిలో దిగకుండా కింద రాళ్లో చెక్కలో పెట్టండి.

ఈ ఏడు క్వింటాళ్లూ ప్రతి క్షణం ఏదో ఒక క్లాంపు మీద ఆనుకుని ఉండాలి. క్లాంపులు రెండు జతలు కావాలి. ఒక జత పై పైపును పట్టి చైన్‌కు వేలాడుతుంది. లాగుతూ పోతే కింది పైపు సాకెట్ (రెండు పైపులను కలిపే మరల ముక్క) బోరు మూతి దాటి పైకి వస్తుంది. ఆ సాకెట్‌కు కింద రెండో జత బిగించి, మెల్లగా దించి, కేసింగ్ అంచు మీద ఆనించండి. చైన్ వదులైందా? బరువు మొత్తం కింది క్లాంపు మీదికి వచ్చిందా? కాసేపు ఆగి చూడండి, పైపు కొంచెం కూడా జారకూడదు. అప్పుడే పై పైపును రెంచితో విప్పాలి. విప్పుతున్నప్పుడు కింది పైపు తిరగకుండా ఇంకో రెంచి పట్టాలి. లేకపోతే కింద ఎక్కడో మరో జాయింట్ వదులై, పైపులతో సహా మోటారు అడుగుకు పోతుంది. క్లాంపు బోల్టులు బిగించేటప్పుడు కేబుల్ మధ్యలో ఇరుక్కోకుండా పక్కకు తప్పించండి. కేబుల్ ఇక్కడే ఎక్కువగా నలుగుతుంది.

పైకి వచ్చిన ప్రతి పైపునూ వరుసగా పక్కన పెట్టి నంబరు రాయండి. ఎన్నో పైపు దగ్గర తుప్పు మొదలైంది, ఎక్కడ చిల్లి ఉంది, కేబుల్ ఎక్కడ గీసుకుపోయింది అన్నీ నోటుబుక్కులోకి ఎక్కాలి. జాలీ (నీళ్లు పంపులోకి వెళ్లే జల్లెడ) చుట్టూ బురద పట్టి ఉంటే మోటారును అడుగుకు మరీ దగ్గరగా దించారని అర్థం.

మోటారు బయటికి రాగానే బోరు మూతి మూసేయండి. అన్నం తినడానికి వెళ్లినా సరే. పిల్లలు బోరుబావుల్లో పడిపోతున్నందువల్ల సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రిపేరు కోసం పంపు తీసినప్పుడు కూడా బోరును తెరిచి ఉంచకూడదని స్పష్టంగా ఉంది. పైన గోనెసంచి కప్పితే అది మూత కాదు. బోల్టులు బిగించే ఇనుప మూత కావాలి.

కొత్త మోటారు నీళ్లు నింపే రకమైతే దించే ముందే ప్లగ్ విప్పి శుభ్రమైన నీళ్లు పోయండి. అటూ ఇటూ వంచి బుడగలన్నీ బయటికి పోయేదాకా పోయాలి. గాలి మిగిలితే లోపలి బేరింగులకు నీళ్లందవు. షాఫ్ట్ చేత్తో తిరుగుతోందా చూసి, మెగ్గర్ రీడింగు రాసుకోండి. నీళ్లు లేకుండా ‘ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం’ అనొద్దు.

తర్వాత కేబుల్ జాయింట్. కొత్త మోటారు తొందరగా పోయిందంటే నేను ముందు అనుమానించేది దీన్నే. మూడు వైర్లనూ ఒకేచోట కలిపితే జాయింట్లు పక్కపక్కన పడతాయి, లావవుతాయి, ఒకదానికొకటి షార్ట్ అవుతాయి. అందుకే మెట్లుగా కోయాలి. మోటారు వైపు ఎరుపు 2 అంగుళాలు, పసుపు 4, నీలం 6 ఉంచితే, కేబుల్ వైపు దీనికి తలకిందులుగా ఎరుపు 6, పసుపు 4, నీలం 2. రాగి తీగలను గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, పోగులు ఒకదాంట్లో ఒకటి దూర్చి మెలిపెట్టి, పైన సన్నటి రాగి తీగ చుట్టి టంకం వేయండి. దాని మీద ముందు రబ్బరు టేపు. దాన్ని సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగం మీదికి వచ్చేలా రెండు మూడు పొరలు. ఆ పైన పీవీసీ టేపు. చివరికి మూడింటినీ కలిపి ఇంకో చుట్టు. చెమట చేతులతో చుట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది. అయ్యాక జాయింట్‌ను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, మెగ్గర్ ఒక కొన వైరుకు, ఇంకో కొన నీళ్లలో పెట్టి చూడండి. రీడింగు పడిపోతే కోసి మళ్లీ కట్టండి. 420 అడుగుల కింద తేలే లోపం ఇక్కడే తేలిపోతుంది.

దించడమంటే తీసినదానికి తిరగేసిన వరుసే. మరలకు జనపనార, వైట్ లెడ్ పెట్టి బిగించండి. పదేసి అడుగులకు ఒకచోట కేబుల్‌ను పైపుకు కట్టాలి, మరీ బిగుసుకుపోకుండా కొంచెం వదులుతో. పాత సైకిల్ ట్యూబు ముక్కలు దీనికి బాగా పనికొస్తాయి. నాలుగైదు పైపులు దించాక ఓసారి మెగ్గర్ పెట్టి చూస్తే, కేబుల్ ఎక్కడైనా నలిగినా వెంటనే తెలుస్తుంది. అడుగుకు కనీసం 20 అడుగుల పైన మోటారు ఆగాలి. బురదలో కూరుకుంటే చుట్టూ నీళ్లు కదలవు, వేడి పోయే దారి ఉండదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు గేట్ వాల్వ్‌ను కొద్దిగానే తెరవండి. నీళ్లు పలచగా, బలం లేకుండా వస్తే మోటారు ఎదురు తిరుగుతోందేమో. కరెంటు ఆపి ఏవైనా రెండు ఫేజులు మార్చి చూడండి. ఎటు తిరిగితే నీళ్లు ఎక్కువగా వస్తాయో అదే సరైన దిశ. తర్వాత వాల్వ్ కొంచెం కొంచెంగా తెరుస్తూ మూడు ఫేజుల ఆంప్స్ నేమ్‌ప్లేటు మీద ఉన్నదానితో పోల్చండి. నీళ్లు గ్యాప్ ఇస్తూ గాలితో కలిసి వస్తుంటే బోరు ఊట కంటే పంపు ఎక్కువ తోడుతోంది. వాల్వ్ తిప్పి తగ్గించండి.

ఇళ్ల బోర్లకు ఇంత హంగామా ఉండదు. నాలుగున్నర అంగుళాల బోరు, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్, హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు అయితే ముగ్గురు మనుషులు చేత్తోనే లాగేస్తారు. తీసేటప్పుడు పైపు మడత పడకుండా వీధి పొడవునా పరుచుకుంటూ పోవాలి. దించేటప్పుడు మోటారుకు నైలాన్ తాడు తప్పనిసరి. బరువు తాడు మోయాలి, కేబుల్ మీద పడకూడదు. సింగిల్ ఫేజ్‌లో మోటారు మూలుగుతూ తిరగకపోతే, తీసే ముందు ప్యానెల్‌లో కెపాసిటర్ మార్చి చూడండి.

అభ్యాసం: పాత ఫ్లాట్ కేబుల్ ముక్కలు రెండు తెచ్చుకుని పైన చెప్పినట్టు జాయింట్ కట్టండి. రాత్రంతా నీళ్లలో ఉంచి పొద్దున మెగ్గర్ పెట్టండి. తర్వాత కోసి విప్పి, తడి ఎంతవరకు వెళ్లిందో చూడండి. 6వ పాఠంలో స్టార్టర్ డబ్బా తెరుస్తాం: రిలే సెట్టింగు, సింగిల్ ఫేజింగ్ (ఒక ఫేజు పోవడం), డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం) రక్షణ.