ఓటరు కార్డు రాకుండానే ఓటు ఎలా వేశానంటే (నా అనుభవం)

ఇల్లు మారాక ఫారం 8 (చిరునామా మార్పు దరఖాస్తు) పెట్టాను, పేరైతే కొత్త నియోజకవర్గం జాబితాలోకి వచ్చేసింది గానీ కొత్త కార్డు పోలింగ్ దగ్గరపడుతున్నా పోస్టులో రాలేదు, పాతదేమో సామాన్లలో ఎక్కడుందో దొరకలేదు. "కార్డు లేకపోతే లోపలికే రానివ్వరు" అని తెలిసినవాళ్లందరూ అనేసరికి టెన్షన్ పట్టుకుంది.

అసలు చూడాల్సింది కార్డు కాదు, ఆ బూత్ జాబితాలో మన పేరుందా లేదా అని. పేరు లేకపోతే కార్డు ఉన్నా దండగే. ఎన్నికల సంఘం సైట్‌లో వెతికి పార్ట్ నంబరు (జాబితాలో మన పేరున్న భాగం నంబరు), అందులో వరుస నంబరు రాసిపెట్టుకున్నాను (1950కి ఫోన్ చేసినా చెబుతారు).

ఇక గుర్తింపుకు ఓటరు కార్డు ఒక్కటే కాదు, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఫొటో ఉన్న పింఛను పత్రం, ఇలా చాలావాటిని ఒప్పుకుంటారు. ఇంటికిచ్చే ఓటరు స్లిప్ మాత్రం ఒక్కటే పట్టుకెళ్తే చెల్లదు, 2019 నుంచి అంతే, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

నేను లైసెన్స్ అసలుదే తీసుకెళ్లాను, ఫోన్‌లో ఫొటో ఉందిలే అనుకుంటే బూత్‌లోకి ఫోన్ రానివ్వరు కదా. అక్కడ ముందు ఓటరు కార్డే అడిగారు, లైసెన్స్ ఇచ్చి వరుస నంబరు చెప్పగానే పేరు సరిచూసి, వేలికి సిరా పెట్టి పంపేశారు.

ఇంకోటి, ఎప్పుడైనా మీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారంటే వెనక్కి రాకండి, ప్రిసైడింగ్ అధికారిని (బూత్ బాధ్యుడు) టెండర్ ఓటు, అంటే ఇలాంటప్పుడు అసలు ఓటరు వేసే ఓటు, అడగండి, మీరెవరో తేలితే బ్యాలెట్ పేపర్ ఇస్తారు.