బాండెడ్ హెయిర్ ఎక్స్‌టెన్షన్స్ ఇంట్లోనే తీస్తున్నారా, ముందు ఇది చదివి మొదలుపెట్టండి

ఎక్స్‌టెన్షన్స్, అంటే మన జుట్టుకి జిగురుతో అంటించే అదనపు పాయలు, పెట్టించుకోడానికి నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటాం, తీసేటప్పుడు మాత్రం అరగంటలో అయిపోవాలంటాం. జుట్టు నాశనం అయ్యేది అక్కడే. పెట్టుకున్న మూడు నెలల్లో జరగని డ్యామేజ్ తీసే ఆ ఒక్క పూటలో జరుగుతుంది, ఇది నేను చేజేతులా చేసుకుని నేర్చుకున్న సంగతి. మొదటిసారి ఒక బాండ్, అంటే పాయని అంటించిన జిగురు ముడి, ఎంతకీ రాకపోతే విసుగొచ్చి గట్టిగా లాగాను, బాండ్ వచ్చింది, దాంతోపాటు చెవి వెనక నా సొంత జుట్టు ఓ చిన్న పాయ కూడా వచ్చేసింది, ఆ చోట మళ్ళీ పిలక లేచి మిగతా జుట్టులో కలవడానికి ఏడాది పైనే పట్టింది.

అన్నిటికంటే ముందు మీ తలలో ఉన్న జిగురు ఏ రకమో తెలుసుకోండి, ఎందుకంటే ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి పనిచేయదు. విడివిడి పాయలుగా ఉండి, కుదుళ్ళ దగ్గర బియ్యపు గింజంత గట్టి ముడిలా తగులుతుంటే అది కెరాటిన్ బాండ్, ఫ్యూజన్ అని కూడా అంటారు. దీనికి ఆల్కహాల్ బేస్ ఉన్న బాండ్ రిమూవర్ కావాలి. అలా కాకుండా పొడుగ్గా కుట్టిన జుట్టు పట్టీని రబ్బరులాంటి జిగురుతో అంటించి ఉంటే అది గ్లూ-ఇన్ వెఫ్ట్, ఇక రెండు టేపుల మధ్య మీ జుట్టుని శాండ్‌విచ్‌లా నొక్కి ఉంటే టేప్-ఇన్, ఈ రెండిటికీ ఎక్కువగా ఆయిల్ బేస్ రిమూవర్ వాడతారు. కొబ్బరి నూనె రాస్తే కెరాటిన్ బాండ్ కరిగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, నూనెకి అది కరగదు సరికదా బాండ్ మీద నూనె పొర ఉంటే రిమూవర్ కూడా లోపలికి దిగదు. ఏ జిగురో తెలియకపోతే పెట్టినవాళ్ళనే అడగండి. కొన్నిచోట్ల సూపర్ గ్లూ లాంటివి కూడా వాడేస్తారు, ఆ అనుమానం ఉంటే మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేయకుండా అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

మాడు మీద పుండ్లు, వాపు, చీము ఉన్నా, బాండ్ల పైన జుట్టు ఉండ కట్టేసి ఫెల్ట్ గుడ్డలా అయిపోయినా, జుట్టు బాగా బ్లీచ్ చేసి పీచులా ఉన్నా అదే మాట, ఇంట్లో వద్దు. అలాగే వెనక వైపు మీకు కనపడదు కాబట్టి ఒక్కళ్ళే చేసుకుందాం అనుకోకండి, ఓపిక ఉన్న మనిషిని ఒకర్ని పట్టుకోండి, ఓపిక అన్నది ఊరికే అనలేదు.

ముందుగా పొడి జుట్టు మీదే చిక్కు తీయాలి. బాండ్‌కీ బాండ్‌కీ మధ్య రాలిన వెంట్రుకలు అల్లుకుని పక్కపక్క పాయలని కలిపేస్తాయి, వాటిని దువ్వెనతో కాకుండా వేళ్ళతో ఒక్కొక్కటీ విడదీయండి. చిక్కు ఉండగా తడిపారంటే అది ఇంకా బిగుసుకుంటుంది, తర్వాత కత్తెర తప్ప దారి ఉండదు. చిక్కంతా పోయాక క్లారిఫైయింగ్ షాంపూతో, అంటే పేరుకున్న జిడ్డంతా వదిలించే షాంపూతో ఒకసారి కడిగి, కండిషనర్ పెట్టకుండా, నూనె పెట్టకుండా పూర్తిగా ఆరనివ్వండి. అంతకుముందు రోజుల్లో రాసిన సీరమ్‌లు అవీ పోతే రిమూవర్ త్వరగా పనిచేస్తుంది.

సామాను పెద్దగా ఏం లేదు, రిమూవర్, బాండ్ నలిపే ప్లయర్, క్లిప్పులు, తోక దువ్వెన, సన్న పళ్ళ దువ్వెన, గ్లవ్స్, పాత టవల్. ప్లయర్ మాత్రం దీనికోసం చేసిందే తీసుకోండి, టూల్ బాక్స్‌లో ఉండే కటింగ్ ప్లయర్ పెట్టారంటే బాండ్‌తోపాటు వెంట్రుకలూ తెగుతాయి. నుదుటి అంచున, చెవుల మీద కొంచెం వ్యాసెలిన్ రాసుకోండి, జుట్టుకి మాత్రం తగలనివ్వకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ ఆల్కహాల్ రిమూవర్లు నిప్పుకి ఇట్టే అంటుకుంటాయి, కాబట్టి కిటికీలు తీసి పెట్టుకోవాలి, దగ్గర్లో స్టవ్, కొవ్వొత్తి, సిగరెట్ ఏమీ ఉండకూడదు, రిమూవర్ తడి ఆరేదాకా హెయిర్ డ్రైయర్, స్ట్రెయిట్నర్ ముట్టుకోకూడదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే అసిటోన్ కొన్ని జిగుర్లని కరిగిస్తుంది నిజమే, కానీ జుట్టుని గడ్డిలా ఎండబెట్టేస్తుంది, మాడు మంట పుడుతుంది, నేనైతే వాడను.

ఇక అసలు పని, ముందు కెరాటిన్ బాండ్ల సంగతి. మెడ దగ్గర కింది వరస నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, మిగతా జుట్టంతా క్లిప్పులతో పైకి కట్టేయండి. ఒక పాయ తీసుకుని, రిమూవర్ మాడు మీదకి కారకుండా పాయని తలకి దూరంగా పట్టుకుని, బాండ్ మీద రెండు మూడు చుక్కలు వేయండి. కొద్దిసేపు ఆగండి, ఎంతసేపనేది మీ సీసా మీద రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. తర్వాత ప్లయర్‌తో బాండ్‌ని మెల్లగా నొక్కండి, పాయని కొంచెం తిప్పి ఇంకో వైపు నుంచి నొక్కండి, పైన మధ్యలో కింద ఇలా మూడు చోట్లా. లోపల చిటపటమని సన్నగా పగులుతున్నట్టు తెలుస్తుంది, బాండ్ తెల్లబడుతుంది, ఆ పగుళ్ళలోంచే రిమూవర్ లోపలికి దిగేది, అందుకని నలిపాక ఇంకో చుక్క వేయండి.

ఇప్పుడు ఒక చేత్తో కుదురుకీ బాండ్‌కీ మధ్యలో ఉన్న మీ సొంత జుట్టుని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోండి. ఈ ఒక్కటీ మర్చిపోకండి, ఎందుకంటే అలా పట్టుకుంటే లాగిన బరువంతా మీ వేళ్ళ మీద పడుతుంది, కుదుళ్ళ దాకా పోదు. ఇంకో చేత్తో ఎక్స్‌టెన్షన్‌ని కిందకి, జుట్టు పొడవునా జారనివ్వండి. జారితే సరే. జారకపోతే లాగకండి, మెలితిప్పకండి, మళ్ళీ చుక్క, మళ్ళీ నలపడం, మళ్ళీ ఆగడం. కొన్ని బాండ్లు ఒక్కసారికే వస్తాయి, కొన్ని నాలుగుసార్లు సతాయిస్తాయి, ముఖ్యంగా వేడి ఎక్కువ తగిలి కరిగి పాకినవి. మరీ మొండికేస్తే దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్ళి మళ్ళీ రండి. తల నిండా పెట్టించుకుంటే వంద పైనే ఉంటాయి కాబట్టి రెండు మూడు గంటలు పట్టడం మామూలే, చేతులు నొప్పెడితే ఆపి టీ తాగి రండి, ఎవరూ తరమట్లేదు.

పాయ జారిపోయాక మీ జుట్టు మీద తెల్లటి పొలుసుల్లా జిగురు మిగులుతుంది. దానికి ఇంకో చుక్క వేసి వేళ్ళ మధ్య నలిపి, సన్న పళ్ళ దువ్వెనతో దువ్వండి, అది కూడా కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి. ఆ వరస పూర్తిగా శుభ్రం అయ్యాకే పై వరసకి వెళ్ళండి. నేను అన్నీ తీసేసి చివర్లో ఒకేసారి దువ్వుదాం అనుకుని ఆ జిగురు ముక్కలన్నీ తల నిండా పాకించుకున్నాను.

ఇక్కడే చాలామంది హడలిపోతారు, దువ్వెనకి ఇంత ఉండ జుట్టు వస్తుంది మరి. కంగారు పడకండి. మనిషికి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం, మూడు నెలలకి లెక్కేస్తే 4,500 నుంచి 9,000 అన్నమాట. మామూలుగా అయితే అవి రోజూ దువ్వెనకీ బాత్‌రూమ్‌కీ పోతాయి, బాండ్‌లో ఇరుక్కున్న జుట్టుకి ఆ దారి లేదు, అన్నీ అక్కడే ఆగి ఒకేరోజు బయటపడతాయి. మరి నిజంగా తెగిందో రాలిందో ఎలా తెలుస్తుందంటే, నాలుగు వెంట్రుకలు తీసి వెలుతురులో చూడండి. ఒక చివర చిన్న తెల్ల బుడిపె ఉంటే అది టైమ్ అయిపోయి దానంతటదే రాలినది. బుడిపె లేకుండా పొట్టి పొట్టి ముక్కలు వస్తుంటే తెగుతోందని అర్థం, వెంటనే ఆపి రిమూవర్ ఎక్కువ వేయండి, బలం తగ్గించండి. బుడిపె ఉన్నా సరే, వచ్చేటప్పుడు కుదురు దగ్గర చురుక్కుమంటే అది రాలినది కాదు, మీరు పీకినది.

గ్లూ-ఇన్ వెఫ్ట్, టేప్ వాళ్ళకి పని కొంచెం తేలిక. వెఫ్ట్ అయితే అంటించిన గీత పొడవునా రిమూవర్ బాగా పోసి, సీసా మీద చెప్పినంతసేపు నాననిచ్చి, ఒక అంచు నుంచి చాప చుట్టినట్టు మెల్లగా చుట్టుకుంటూ పోవాలి, ఎక్కడ పట్టేస్తే అక్కడ ఇంకాస్త పోయాలి. టేప్ అయితే ఒక మూల లేపి రెండు టేపుల మధ్యలోకి రిమూవర్ పంపించి విడదీయాలి. వెఫ్ట్ జిగుర్లలో చాలావాటిలో లేటెక్స్ ఉంటుంది, పెట్టుకున్నప్పటి నుంచి దురద, దద్దుర్లు ఉంటే తీసేయడంతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

అంతా అయ్యాక క్లారిఫైయింగ్ షాంపూతో కడిగి, ఈసారి కండిషనర్ ధారాళంగా పెట్టండి. మాడు రెండు మూడు రోజులు సున్నితంగా ఉంటుంది, బిగుతుగా జడలు, పోనీటెయిల్స్ వద్దు, ఓ రెండు వారాలు స్ట్రెయిట్నర్, కలర్, బ్లీచ్ జోలికి పోకండి. వెంటనే కొత్త సెట్ పెట్టించుకోవాలని చేతులు దురద పెడతాయి, ఎందుకంటే సొంత జుట్టు పల్చగా పిల్లి తోకలా అనిపిస్తుంది, అది చాలావరకు అన్నాళ్ళు ఒత్తు జుట్టు చూసిన కళ్ళకి అలా కనపడటమే. కనీసం నెల గ్యాప్ ఇవ్వండి. కణతల దగ్గర, నుదుటి అంచున నిజంగానే పల్చబడి మాడు కనిపిస్తుంటే అది ట్రాక్షన్ అలోపేషియా కావచ్చు, లాగుడు వల్ల వచ్చే సమస్య, తొందరగా గుర్తించి లాగుడు ఆపేస్తే జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్ళ తరబడి అలాగే ఉంటే కుదుళ్ళు మూసుకుపోతాయి, అప్పుడిక రాదు. అనుమానం ఉంటే స్కిన్ డాక్టర్‌ని కలిశాకే కొత్త సెట్ మాట.

తీసిన పాయల్ని చెత్తబుట్టలో పడేయకండి. మంచి హ్యూమన్ హెయిర్ అయితే కొసలు సమానంగా పెట్టి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంచుకుంటే కొత్త బాండ్ వేసి మళ్ళీ వాడుకోవచ్చు, కాకపోతే పాత బాండ్ ఉన్న చివర కత్తిరించాలి కాబట్టి పొడవు కాస్త తగ్గుతుంది.