మన పెన్షన్ మనమే లెక్క వేసుకుందాం – 3వ పాఠం: 58కా, 60కా?

పోయిన పాఠంలో పీఎఫ్ పాస్‌బుక్‌లో పెన్షన్ గడిని చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు పీణ్యలో లేత్ మీద పనిచేస్తున్న ఒక అన్న మొన్న తన లెక్క చూపించారు. 2008 సెప్టెంబరులో చేరారు, 2026 సెప్టెంబరుకు 58 నిండుతాయి. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలన్న సూత్రం ఆయనకు తెలుసు. 15,000 × 18 ÷ 70 = 3,857. నూనె మరక పడిన ఆ కాగితంలో ఆ అంకె కింద రెండు గీతలు కూడా గీసుకున్నారు.

సూత్రం సరైనదే, తప్పు 15,000 దగ్గర ఉంది. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతానికి 15,000 పరిమితి 2014 సెప్టెంబరు 1న వచ్చింది. అంతకుముందు 6,500. కాబట్టి సర్వీసును అక్కడ రెండుగా విడగొట్టాలి.

6,500 × 6 ÷ 70 = 557
15,000 × 12 ÷ 70 = 2,571

మొత్తం దాదాపు 3,129. ఆయన అనుకున్నదానికంటే నెలకు 728 తక్కువ. ఇంటి అద్దె కట్టుకునేవారికి ఇది చిన్న తేడా కాదు. పైగా ఈ పెన్షన్‌కు కరువు భత్యం ఉండదు.

ఇక అసలు ప్రశ్న. కర్ణాటకలో స్టాండింగ్ ఆర్డర్ల (కార్మికుల ఉద్యోగ నిబంధనల) కింద ఉన్న పరిశ్రమల్లో విరమణ వయసును 2017లో 58 నుంచి 60కి పెంచారు. దాంతో పెన్షన్ కూడా 60కే వస్తుందని చాలామంది ఊరుకుంటున్నారు. అది పొరపాటు. ఉద్యోగం సాగుతున్నా పెన్షన్ హక్కు 58కే మొదలవుతుంది. కావాలంటే 60 దాకా వాయిదా వేసుకోవచ్చు, ఏడాదికి 4 శాతం పెరుగుతుంది.

వాయిదా లాభమా? చందా కట్టకుండా రెండేళ్లు ఆగితే 3,129 కాస్తా దాదాపు 3,380 అవుతుంది. నెలకు దాదాపు 250 ఎక్కువ. ఆ రెండేళ్లలో వదులుకున్నది 3,129 × 24 = 75,096. దాన్ని 250తో భాగించండి: దాదాపు 300 నెలలు, అంటే ఇంచుమించు పాతికేళ్లు. 60కి మొదలుపెడితే దాదాపు 85 వచ్చాకే లాభం. నేనైతే ఆ అన్నను 58కే దరఖాస్తు చేయమన్నాను.

50 దాటాక, 58కి ముందే పెన్షన్ తీసుకుంటే ఏడాదికి 4 శాతం కోత పడుతుంది. ఆ లెక్క ఇలాంటిదే, మీరే వేయండి.

అభ్యాసం: 2011 సెప్టెంబరులో చేరి, 2026 సెప్టెంబరులో 58 నిండేవారి పెన్షన్ ఎంత? జీతం ఎప్పుడూ పరిమితికి పైనే. వచ్చే పాఠంలో 58 తర్వాత కూడా చందా కడుతూ వాయిదా వేస్తే ఏమవుతుందో చూద్దాం.